రెండో వెలుగు

ధాత నామ సంవత్సరం, కార్తీకమాసం మూడో సోమవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకి చిలకమ్మ మా అరుగెక్కింది. గోడగడియారం కింద కూచుని సాయంత్రం దీపానికి వత్తులు చేసుకుంటున్నాను గనక వేళ నాకు బాగా గుర్తు.

అప్పటికే ఇంట్లో ఒక తగువు అయి ఉంది.

మా మావగారు సూర్యలింగాచారి గారు విజయనగరంలో రాళ్ళు చూసేవారు. కొండల్లో, గెడ్డలనే వాగుల్లో దొరికిన రాయిని ఎవరు తెచ్చినా అదేమిటో చెప్పి, వెల కట్టి, తాను కొనడమో మంచి బేరానికి అమ్మిపెట్టడమో చేసేవారు. భానోజీ ఆయన శిష్యుడు. బొబ్బిలి నించి వచ్చి, మా ఇంట్లోనే తిని మా ఇంట్లోనే పడుకుంటూ నాలుగేళ్ళుగా నేర్చుకుంటున్నాడు. మా ఆయన రైల్వేలో గార్డు. నెలలో సగం రోజులు ఇంట్లో ఉండరు. కాబట్టి ఇంట్లో మనుషులమంటే ముఖ్యంగా మేం ముగ్గురమే.

ఆ పొద్దున మావగారు శివాలయానికి బయల్దేరుతూంటే భానోజీ గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నాలుగేళ్ళయింది గురువుగారూ. ఒక్క రాయికైనా నన్ను వెల చెప్పనిచ్చారా? జైపూరు సేట్ల దగ్గర చేరినవాళ్ళు ఈపాటికి సొంత కొట్లు పెట్టుకున్నారు. నేనింకా రాళ్ళ పళ్ళెం తుడుస్తున్నాను."

"పళ్ళెం శుభ్రంగా ఉంటోందిరా," అన్నారు మావగారు.

"వెటకారం వద్దండీ. నాకేం రాదో చెప్పండి. అదొక్కటీ చెప్పి వెళ్ళండి."

"వచ్చాక చెబుతాను," అని ఆయన పక్కనించి తప్పుకుని వెళ్ళిపోయారు.

భానోజీ మొహం కందగడ్డలా పెట్టుకుని, తుడిచిన పళ్ళేన్నే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు. "మంచినీళ్ళైనా తాగరా," అని నేను చెంబు పెడితే పక్కకి జరిపేశాడు.

రాళ్ళ విషయంలో మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. మావగారి తండ్రిగారి నాటిది. ముందుగదికి ఉత్తరం వేపు కిటికీ ఒకటి, లోపలి చీకటికొట్లో గోడగూట్లో నూనెదీపం ఒకటి. ఏ రాయైనా ఆ రెండుచోట్లా చూడాల్సిందే. ఎందుకంటే కొండరాళ్ళలో ఎప్పుడో ఒకటి రంగు మార్చేది వస్తుంది. జైపూరు వాళ్ళు దాన్ని అలెగ్జాండ్రైట్ అంటారు. కిటికీ దగ్గర పచ్చి మామిడికాయ తొక్కలా ఉంటుంది. అదే దీపం దగ్గరికి తెస్తే నేరేడుపళ్ళు తిన్న నాలికలా అయిపోతుంది. ట్యూబులైటు కింద పెడితే దాని గుట్టు బయటపడదు. బజార్లో ఆ పేరు చెప్పి అమ్మే నకిలీ రాళ్ళు పట్టపగలే ఉల్లిపొర రంగులో ఉంటాయి, పచ్చదనం ఎంతకీ రాదు. ఇదంతా వత్తులు చేసుకుంటూ, బియ్యం ఏరుకుంటూ విని విని నాకే వచ్చేసింది. భానోజీకి రాకేం?

పద్ధతిలో ఇంకో ముక్క ఉంది. రాయిని వెలుగుకి పట్టేది తెచ్చినవాళ్ళే. కిటికీ దగ్గరైనా గూటి దగ్గరైనా రాయి వాళ్ళ వేళ్ళ మధ్యే ఉండాలి. మనం పక్కన నిలబడి చూడాలి. వాళ్ళు రెండు వెలుగులూ చూసేదాకా వెల మాట ఎత్తకూడదు. గూట్లో ఆ దీపం వెలిగించడం మా అత్తగారి పని. ఆవిడ పోయాక నా పని అయింది. ముందుగదిలోంచి "వదినా, దీపం!" అని భానోజీ కేక వినపడితే చేతిలో పని వదిలేసి వెళ్ళేదాన్ని.

చిలకమ్మది సాలూరు పైన కొండల్లో ఊరు. ఇంతకు ముందు రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ తెచ్చినవి వట్టి రాళ్ళే. ఆవేళ ఆమె పాదాలకి ఎర్రమట్టి, కళ్ళ కింద నలుపు. కొంగుముడి విప్పి శనగగింజంత రాయి తీసింది.

"గెడ్డలో దొరికింది బాబూ. మా ఆయన్ని ఎలుగుబంటి పట్టీసింది. కాలు పొంగిపోనాది. పెద్దాసుపత్రికి తీసికెల్లాల. జీపోడు ఎనిమిదొందలు అడుగుతన్నాడు. ఏటిస్తావో సూడు."

భానోజీ ఆ రాయిని ఆమె చేతిలోంచి తీసేసుకున్నాడు. తనే కిటికీ దగ్గర పట్టి చూశాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు. తరవాత, "తూకం చూడాలి, ఉండు," అని లోపలి కొట్లోకి వెళ్ళాడు.

మా తక్కెడ ముందుగదిలోనే ఉంటుంది.

కొట్లో టార్చిలైటు చిటుక్కుమంది. నేను కూచున్న చోటికి తలుపుసందులోంచి అతని గుప్పిట కనిపిస్తోంది. వేళ్ళ మధ్య ఎర్రగా ఏదో మెరిసింది. గుప్పిట మూసుకుంది. టార్చి ఆరిపోయింది.

బయటికి వచ్చేసరికి మొహంలో ఏమీ లేదు. "పచ్చరాయి. గాజు కన్నా కాస్త నయం, అంతే. నీ కష్టం చూసి తొమ్మిదొందలిస్తాను. జీపుకి పోగా ఇంకో వంద మిగులుతుంది నీకు."

"సల్లగుండు బాబూ," అని చిలకమ్మ చేతులెత్తి దణ్ణం పెట్టింది.

వెళ్ళేముందు మంచినీళ్ళడిగింది. నేను మడిలో ఉన్నాను. చెంబు ఎత్తి పట్టి పైనించి పోశాను, ఆమె వంగి దోసిట్లో పట్టుకుని తాగింది. మూతి తుడుచుకుంటూ నా మొహం చూసింది.

"నీ పెదాలు ఎండిపోనాయేటమ్మా? ఏటీ తిన్లేదా?"

"సోమవారం కదా. దీపం పెట్టి, చుక్కలు చూశాకే తినడం."

"అయ్యో తల్లీ," అంది. రేపు చీకటితోటే జీపు బయల్దేరుతుందనీ, ఈ ఊరి రోడ్డు మీదనించే విశాఖపట్నం పోతుందనీ చెప్పి, నాలుగు గంటల బస్సుకని పరిగెత్తింది.

భానోజీ నన్ను దీపం అడగలేదు. ఆ సంగతి నాకు తెలుసు. గుప్పిట్లో ఎరుపూ చూశాను. మడిలో ఉన్నదాన్ని, బేరం గొడవ నాకెందుకులే అనుకుని మళ్ళీ వత్తులు చేసుకున్నాను.

అయిదు గంటలకి మావగారు వచ్చారు. ఆయన కాళ్ళు కడుక్కునేదాకా కూడా భానోజీ ఆగలేదు. రాయిని పళ్ళెంలో పెట్టి ఆయన ముందు ఉంచాడు. పొద్దున్న కోపమంతా ఇప్పుడు గర్వమై మెరుస్తోంది మొహంలో.

"చూడండి గురువుగారూ. రెండు వెలుగుల్లోనూ చూశాను. భూమిలో పుట్టిన రాయే, మిషను సరుకు కాదు. నాలుగు క్యారెట్లు. జైపూరు సేటు లక్షకి తక్కువ ఇవ్వడు. నేనిచ్చింది తొమ్మిదొందలు. ఇప్పుడు చెప్పండి, నాకేం రాదో."

మావగారు రాయిని ముట్టుకోలేదు. "ఎవరు తెచ్చారు?"

"చిలకమ్మ అనీ, సాలూరు పైనించి వస్తుందే, ఆవిడ."

"ఆవిడ చూసిందా?"

"ఏమిటండీ?"

"రెండో వెలుగు."

భానోజీ గొంతు పెంచాడు. "ఆవిడ అడిగింది జీపు కిరాయి. అదిచ్చాను, పైన వంద కలిపాను. నేను బలవంతం చేశానా? ఇంకో కొట్టుకి వెళ్ళుంటే ఆ డబ్బైనా వచ్చేదా? ఆ రాయిని గుర్తుపట్టింది నా కన్ను. నాలుగేళ్ళు మీ పళ్ళేలు తుడిచి సంపాదించుకున్న కన్ను. దానికి వెల లేదా?"

మా మావగారికి కోపం వస్తే గొంతు లేవదు. చెవులు ఎర్రబడతాయి. అంత ఎర్రబడడం నేను ఎన్నడూ చూడలేదు. ఆయన నావేపు తిరిగారు.

"నిన్ను దీపం అడిగాడా అమ్మా కామాక్షీ?"

"లేదు మావయ్యగారూ."

"నువ్వు ఇంట్లోనే ఉన్నావు."

"ఉన్నాను. మడిలో ఉన్నానండీ."

"సరే," అన్నారు.

నన్ను ఇంకేమైనా అని ఉంటే బాగుండేది.

పొద్దు వాలింది. వీధిలో ఒక్కొక్క ఇంటి ముందూ దీపాలు మొదలయ్యాయి. నేను తులసికోట దగ్గర ముగ్గు పెట్టి, ప్రమిదలో ఆవునెయ్యి పోసి, వత్తులు తడిపి, అగ్గిపుల్ల తీశాను. మావగారు పెరట్లోకి వచ్చారు. వంగి, నా చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకున్నారు. లోపలికి వెళ్ళి కరెంటు మెయిను దింపేశారు. వంటింటి గూట్లో ఉండే రెండో అగ్గిపెట్టె కూడా తెచ్చి తన నడుముకి దోపుకున్నారు.

"ఈవేళ ఈ ఇంట్లో దీపం వెలగదు," అన్నారు.

పదకొండేళ్ళుగా ఆ ఇంటి కోడల్ని. ఆయన ముందు ఏనాడూ గట్టిగా మాట్లాడలేదు. ఆవేళ మాట్లాడాను.

"కార్తీక సోమవారం మావయ్యగారూ! దేవుడి దీపం ఇది. అత్తగారు నూటమూడు జ్వరంలో గోడ పట్టుకుని వచ్చి వెలిగించారు గానీ మానలేదు. వాడు చేసినదానికి దేవుణ్ణి చీకట్లో పెడతారా? పెట్టే చెయ్యి నాది కదా, నా చెయ్యేం చేసింది?"

అడిగాక నా ప్రశ్న నాకే వినిపించింది.

"ఆవిడకి మన ఇల్లు ఇచ్చింది పగటి వెలుగొక్కటే," అన్నారాయన. "మనకీ అదే చాలు."

వెళ్ళి వీధరుగు మీద కూచున్నారు.

భానోజీ ఆయన వెనకే వెళ్ళాడు. వాడి మాటలు పెరటిదాకా వినపడ్డాయి. "ఇదంతా నన్ను నలుగురిలో సిగ్గుపరచడానికి. అంతే కదా? నాకు పేరొస్తుందని మీకు కంటగింపు. రేపే పోతాను. నాకు ఊళ్ళు లేకపోలేదు. రాయి నా సొంత డబ్బుతో కొన్నాను, నాది."

"నీదే," అన్నారు మావగారు. "తెచ్చుకో. చేతిలో పెట్టుకో."

వాడు విసురుగా లోపలికి వచ్చి తడుముకుంటూ పళ్ళెం వెతికాడు. రాయి తీసుకుని అరుగు మీదికి వెళ్ళాడు. నేనూ గుమ్మందాకా వెళ్ళాను.

"తెచ్చాను. ఏం చెయ్యమంటారు?"

"ఏం రంగుందో చెప్పు."

వీధి దీపాల వెలుగు మా అరుగుదాకా రాదు. భానోజీ అరచెయ్యి కళ్ళ దగ్గరికి తెచ్చుకున్నాడు. మావగారు తొందరపెట్టలేదు. పక్కింటి సన్యాసమ్మగారు గోడమీదనించి తొంగిచూసి, "ఏటి కామాక్షీ, ఊరందరికీ కరెంటుంటే మీ ఇంటికే పోనాదేటి? దీపమైనా పెట్టలేదేటి? ఇంత పూజలు చేసేదానివి!" అని కేకేసింది. "పోయిందండీ," అన్నాను. ఇంకేం చెప్పను?

"నల్లగా ఉంది," అన్నాడు భానోజీ చాలాసేపటికి.



ఆకాశంలో చుక్కలు వచ్చాయి. చూశాను. దీపం పెట్టనిదే ఎలా తినను? వండిన అన్నం వండినట్టే ఉంది. వాళ్ళిద్దరూ కూడా రాలేదు. నేను మళ్ళీ తులసికోట దగ్గరికి వచ్చి కూచుని మావగారి మీద కోపంతో కాసేపు ఏడ్చాను, భానోజీ మీద కోపంతో కాసేపు ఏడ్చాను. ఆ తరవాత చిలకమ్మ దోసిట్లో నేను పైనించి పోసిన నీళ్ళు గుర్తొచ్చాయి. అప్పటినించి ఏడుపు రాలేదు.

తెల్లవారుజామున తలుపు గడియ చప్పుడైంది. భానోజీ పెట్టె సర్దుకున్నాడేమో అనుకున్నాను. చేతిలో పెట్టె లేదు, రుమాలు ముడి ఒకటి ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"వదినా, ఆ జీపు ఏ దారిన వస్తుందంది?"

"మన రోడ్డు మీదనించే. చీకటితోటే బయల్దేరుతుందంది."

నేను లేచాను. వెలగని ప్రమిదని నెయ్యీ వత్తులతో సహా కొంగు కింద పెట్టుకున్నాను. అరుగు మీద మావగారు అప్పటికే నిలబడి ఉన్నారు. ఆయన భుజాన నల్లకంబళి ఉంది. ముగ్గురం నాలుగురోడ్ల కూడలిదాకా నడిచాం.

భానోజీ రోడ్డు మధ్యకి వెళ్ళి, వచ్చిన ప్రతి జీపునీ ఆపాడు. ఒకదాంట్లో పసుపు బస్తాలు. ఒకదాంట్లో పెళ్ళివాళ్ళు. "తాగి ఉన్నావేటిరా పొద్దున్నే?" అని తిట్టి పోయారు. తూరుపు తెలుపెక్కుతూండగా నాలుగోది వచ్చింది.

"పేషెంటున్నాడు, అడ్డం లెగండి!" అని అరిచాడు డ్రైవరు.

వెనకవేపు చిలకమ్మ ఉంది. మొగుడి తల ఒళ్ళో పెట్టుకుని కూచుంది. అతని కాలికి కట్టిన గుడ్డ తడిసి నల్లబడి ఉంది. భానోజీని చూడగానే ఆమె కొంగు బిగించి పట్టుకుంది.

"డబ్బులు ఎనక్కి అడుగుతావేటి? జీపోడికి ఇచ్చీసినాను! నేవు బాబూ, నా దగ్గర డబ్బులు నేవు!"

భానోజీ తల అడ్డంగా ఊపాడు. రుమాలు విప్పి, రాయిని ఆమె అరచేతిలో పెట్టాడు.

మావగారు నడుముకి దోపుకున్న అగ్గిపెట్టె తీసి నాకిచ్చారు. జీపు వెనక పలక మీద ప్రమిద పెట్టి వెలిగించాను. గాలికి రెండు పుల్లలు ఆరాయి, మూడోది నిలిచింది. మావగారు కంబళి తీసి భానోజీ చేతికిచ్చారు.

"పట్టుకో."

వాడు చిలకమ్మ తలమీదా దీపం మీదా కంబళి కప్పి, అది మంటకి తగలకుండా రెండు చేతులూ ఎత్తి పట్టుకున్నాడు.

"రాయిని దీపం దగ్గరికి తీసుకెళ్ళు తల్లీ," అన్నారు మావగారు.

లోపల ఏ రంగు వచ్చిందో భానోజీకి కనపడదు. ఆమె ఊపిరి గట్టిగా పీల్చడం మాత్రం మా అందరికీ వినపడింది.

"ఒలమ్మా! ఇదేటిది? నెత్తురు రంగు!"

కంబళి కింద నించి తల బయట పెట్టి తెల్లవారిన వెలుగులో చూసింది. పచ్చగా ఉంది. మళ్ళీ లోపలికి వెళ్ళింది. మళ్ళీ బయటికి వచ్చింది. ఈసారి రాయిని చూడలేదు, భానోజీని చూసింది.

"నువ్వు నిన్ననే సూసినావు."

"చూశానమ్మా."

"నాకు సూపలేదు."

వాడి కళ్ళనించి నీళ్ళు కారుతున్నాయి. రెండు చేతులూ కంబళి మోస్తున్నాయి, తుడుచుకోడానికి లేదు. దణ్ణం పెట్టడానికీ లేదు. ఆమె చూపు తిప్పుకోలేదు. డ్రైవరు హారన్ కొట్టాడు.

"ఇప్పుడు చెప్పమ్మా," అన్నారు మావగారు. "దీనికి ఎంత కావాలి?"

చిలకమ్మ రాయిని కొంగున వేసి రెండు ముళ్ళు బిగించింది.

"ఇప్పుడు కాదు. మా ఆయన నడిసినాక వస్తాను. అప్పుడు నేనే సెప్తాను."

మావగారు తల ఊపారు. "భానోజీ, ఎక్కు. ఆ కాలు కదలకుండా పట్టుకో."

భానోజీ కంబళి మడిచి ఆయనకిచ్చి ఎక్కాడు. తడిసిన గుడ్డ చుట్టిన ఆ కాలిని తన ఒళ్ళోకి తీసుకున్నాడు. నేను పలక మీది ప్రమిద అందుకుంటూంటే చిలకమ్మ సంచిలోంచి మూతగిన్నె తీసింది.

"నిన్నటేల నించి ఏటీ తినుండవు. చోడంబలి. తాగు."

నేను ప్రమిద కింద పెట్టి దోసిలి పట్టాను. ఆమె పొయ్యలేదు. గిన్నె మొత్తం నా చేతుల్లో పెట్టేసింది. జీపు కదిలింది.

మావగారూ నేనూ కల్వర్టు గోడ మీద కూచుని ఆ రాగి అంబలి ఒకరి తరవాత ఒకరం తాగాం. పొద్దెక్కింది. రోడ్డు మీద జనం మొదలయ్యారు. మా ఇద్దరి మధ్య ప్రమిద, ఎండలో కనపడీ కనపడకుండా ఇంకా వెలుగుతూనే ఉంది.

"కొండెక్కించెయ్యనా మావయ్యగారూ?" అని అడిగాను.

"ఉండనీ అమ్మా," అన్నారు. "అది నిన్నటిది."